యూకేలో జీతం వస్తుంది కానీ మిగలదు: ఎందుకు మిగలట్లేదో ముందు కనుక్కుని, తర్వాత దాచడం ఎలా

నేను నార్తాంప్టన్ దగ్గర ఒక వేర్‌హౌస్ పేరోల్‌లో పనిచేస్తాను, అంటే ఎవరికి ఎంత పడింది, ఎంత కట్ అయింది అనేది నెలంతా నా కళ్ళముందే తిరుగుతూ ఉంటుంది. జీతం పడ్డ పది రోజులకే అడ్వాన్స్ దొరుకుతుందా అని మెయిల్ పెట్టేవాళ్ళు ఉంటారు, అందరూ తక్కువ జీతం వాళ్ళే అనుకోకండి, షిఫ్ట్ మేనేజర్లు కూడా అడుగుతారు. మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే ఇక్కడివాళ్ళ గురించి ఒకటే మాట, "వీళ్ళకి దాచుకోవడం తెలీదు బ్రో, శుక్రవారం పబ్బు, సమ్మర్‌లో స్పెయిన్, అంతే" అని. నేను కూడా మొదటి రెండేళ్ళు అదే అన్నాను. పేస్లిప్పులు చూస్తూ చూస్తూ, క్యాంటీన్‌లో వాళ్ళ మాటలు వింటూ ఉంటే తెలిసింది, దాచకపోవడానికి ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఉంది, కొన్ని కారణాలు వింటే వాళ్ళ ప్లేస్‌లో మనమున్నా అదే చేస్తాం అనిపిస్తుంది. ఇంకో సంగతి, మనం కూడా ఏం పెద్ద తేడాగా లేం, అది తర్వాత చెప్తా.

అందుకే ఈ గైడ్‌లో కాఫీ మానెయ్యండి, లంచ్ బాక్స్ తెచ్చుకోండి లాంటివి ఉండవు. ముందు మీరు ఏ రకమో తేల్చుకోండి, ఎందుకంటే ఒకరికి పనికొచ్చే సలహా ఇంకొకరికి నష్టం. తేల్చుకోవడం ఎలా అంటే బ్యాంక్ యాప్ ఓపెన్ చేసి గత మూడు నెలల్లో జీతం పడే ముందు రోజు బ్యాలెన్స్ ఎంతుందో చూడండి. మూడు నెలలూ మైనస్ ఉంటే మీది మొదటి రకం. కాస్త మిగులుతుంది కానీ మిగిలితే ప్రభుత్వం ఇచ్చే డబ్బు తగ్గుతుందని భయమా, అది రెండో రకం. మిగులుతుంది కానీ బ్యాంకులో పెట్టి ఏం లాభం అనిపిస్తోందా, మూడోది. మిగులుతుంది, కావాలనే ఖర్చుపెట్టేస్తున్నారు, దాని గురించి బాధ కూడా లేదు అంటే నాలుగోది.

మొదటి రకం వాళ్ళకి ముందుగా చెప్పేది, ఇప్పుడే సేవింగ్ మొదలుపెట్టకండి. వింతగా ఉంటుంది కానీ లెక్క చూడండి, 2020 నుంచి ఇక్కడ చాలా బ్యాంకుల ఓవర్‌డ్రాఫ్ట్ (అకౌంట్ మైనస్‌లోకి వెళ్తే బ్యాంకు ఇచ్చే అప్పు) వడ్డీ ఏడాదికి 40 శాతం దగ్గర ఉంది, సేవింగ్స్‌లో మీకు వచ్చేది అందులో పదో వంతు, అటు 40 కడుతూ ఇటు 4 తీసుకోవడం ఏ లెక్క. ఇక్కడ డబ్బు లేనివాడికే ఖర్చు ఎక్కువ, అది మూలిగే నక్క మీద తాటికాయ లాంటిది. కార్ ఇన్సూరెన్స్ ఏడాదికి ఒకేసారి కడితే ఒక రేటు, నెలనెలా కడితే దాని మీద వడ్డీ. ఏళ్ళ తరబడి ప్రీపే మీటర్ (ముందే డబ్బు వేసి వాడుకునేది) ఉన్నోళ్ళకే కరెంటు, గ్యాస్ ఎక్కువ రేటుకి పడేది. ఇక్కడి ఆర్థిక సంస్థల మీద నిఘా పెట్టే ఎఫ్‌సీఏ 2024లో చేసిన సర్వేలో పది మందిలో ఒకరికి క్యాష్ సేవింగ్స్ అనేదే లేదు, ఇంకో 21 శాతం మంది దగ్గర 1,000 పౌండ్ల లోపే ఉంది. ఇంతమందికి బుద్ధి లేదు అనడం కుదరదు కదా.

కాబట్టి వీళ్ళు చెయ్యాల్సింది అప్పుల వరుస సరిచేసుకోవడం. క్రెడిట్ కార్డ్ వాడు రోజూ ఫోన్ చేస్తాడు కాబట్టి ముందు వాడికి కడతాం, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్ళు ఉత్తరం రాస్తారు కాబట్టి దాన్ని డ్రాయర్‌లో పడేస్తాం, అది తలకిందుల పని. రెంట్, కౌన్సిల్ ట్యాక్స్, కరెంటు గ్యాస్ ముందు, కార్డులు తర్వాత. కౌన్సిల్ ట్యాక్స్ కట్టకుండా వదిలేస్తే మిగతా ఏడాదిది మొత్తం ఒకేసారి అడుగుతారు, ఆ తర్వాత బెయిలిఫ్, అంటే బాకీ వసూలు చేసేవాడు, గుమ్మం దగ్గరికి వస్తాడు. చేతులెత్తేసే స్టేజ్ అయితే స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్, అప్పుల మీద సలహా ఇచ్చే ఈ మూడూ ఫ్రీ, డబ్బులు తీసుకుని అప్పు తీరుస్తాం అనే యాడ్స్ జోలికి పోకండి. ఇంగ్లాండ్, వేల్స్‌లో బ్రీతింగ్ స్పేస్ అని 2021 మే నుంచి ఒక స్కీమ్ ఉంది, దాంట్లో 60 రోజులు చాలావరకు అప్పుల మీద వడ్డీ, వసూళ్ళు ఆగుతాయి, కాకపోతే డెట్ అడ్వైజర్ ద్వారానే పెట్టుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళు మీరొక్కరే అయితే కౌన్సిల్ ట్యాక్స్‌లో 25 శాతం తగ్గుతుంది, ఇది వీసా మీద ఉన్నవాళ్ళు కూడా తీసుకోవచ్చు, పబ్లిక్ ఫండ్స్ (వీసా వాళ్ళు తీసుకోకూడని ప్రభుత్వ సాయం) కింద రాదు. కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ అని ఇంకోటి ఉంది, పేరు ఒకేలా ఉంటుంది, అది మాత్రం పబ్లిక్ ఫండ్స్ కిందకే వస్తుంది, వీసా వాళ్ళు ముట్టుకోవద్దు.

ఇక రెండో రకం. నాకు కళ్ళు తెరుచుకున్నది ఇక్కడే. మా ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకావిడ, ఇద్దరు పిల్లలు, ఒక్కతే, యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ సంపాదన ఉన్నవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) మీద ఉంది. వాళ్ళమ్మ పోయాక కొంచెం డబ్బు వచ్చింది, ఆరు నెలలు తిరక్కుండా పిల్లల్ని సెలవులకి తీసుకెళ్ళి, సోఫా మార్చి, మొత్తం అయిపోగొట్టింది. నేను మనసులో అనుకున్నా, ఛ, ఎఫ్‌డీలో వేసుకుంటే పోయేది కదా అని. తర్వాత ఆవిడే కాగితం తీసి లెక్క చెప్పింది. యూనివర్సల్ క్రెడిట్‌లో సేవింగ్స్ 6,000 పౌండ్లు దాటితే, దాటిన ప్రతి 250కి నెలకి 4.35 పౌండ్లు కట్ చేస్తారు. 16,000 దాటితే అసలు ఇవ్వరు. అంటే మీ దగ్గర 7,000 ఉందనుకోండి, పైనున్న 1,000కి నాలుగు ముక్కలు, నెలకి 17.40, ఏడాదికి 208.80 పోతుంది. వెయ్యి దాచుకుంటే ఏడాదికి దాదాపు 21 శాతం ఎదురు కట్టాలన్నమాట! ఏ బ్యాంకూ అంత వడ్డీ ఇవ్వదు కాబట్టి ఆ వెయ్యి దాచడం నష్టమే. ఈ 6,000, 16,000 హద్దులు 2006లో బెనిఫిట్లకి ఉన్నవే, అప్పటి 6,000కి ఇప్పటి 6,000కి ఎంత తేడానో ఇక్కడ సరుకులు కొనేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఈ రకం వాళ్ళు చెయ్యాల్సినవి ఏంటంటే, ముందు ఆ డబ్బు అక్కకో తమ్ముడికో రాసిచ్చి నా దగ్గర లేదు అనకండి, బెనిఫిట్ కోసమే వదిలించుకున్నారని తేలితే ఆ డబ్బు మీ దగ్గర ఉన్నట్టే లెక్కేస్తారు. అప్పులు తీర్చడం, ఇంటికి అవసరమైనవి న్యాయంగా కొనుక్కోవడం తప్పు కాదు, రసీదులు దాచుకోండి. రెండోది పెన్షన్. యూనివర్సల్ క్రెడిట్ లెక్క వేసేటప్పుడు మీరు పెన్షన్‌కి కట్టింది జీతంలోంచి తీసేసి లెక్కేస్తారు, సంపాదన పెరిగిన ప్రతి పౌండ్‌కీ 55 పెన్నీలు తగ్గించే రూల్ కదా, అలా చూస్తే పెన్షన్‌కి అదనంగా 100 వేస్తే అటునుంచి 55 తిరిగొచ్చినట్టు. పైగా పెన్షన్‌లో ఉన్న డబ్బుని పెన్షన్ వయసు వచ్చేదాకా సేవింగ్స్ కింద లెక్కపెట్టరు. ఇది నేను మా వాళ్ళకి ఎంతమందికి చెప్పానో, ఇంతవరకు ఇద్దరే పట్టించుకున్నారు.

మూడోది హెల్ప్ టు సేవ్ అనే ప్రభుత్వ సేవింగ్స్ స్కీమ్, 2018లో మొదలైంది, నెలకి ఒక పౌండ్ నుంచి 50 దాకా వేసుకోవచ్చు, రెండేళ్ళకి ఒకసారి బోనస్ 50 శాతం, మొత్తం నాలుగేళ్ళు. నెలకి 50 చొప్పున కదపకుండా వేస్తే రెండేళ్ళకి 1,200, దాని మీద 600, నాలుగేళ్ళకి మొత్తం బోనస్ 1,200. 2025 ఏప్రిల్ నుంచి యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటూ ఒక్క పౌండ్ సంపాదన ఉన్నా చాలు, ట్యాక్స్ శాఖ హెచ్ఎంఆర్‌సీ యాప్‌లో ఓపెన్ చెయ్యొచ్చు. ఇంత మంచి రేటు ఈ దేశంలో ఇంకెక్కడా దొరకదు, కానీ ఓపెన్ చేసినవాళ్ళు తక్కువ, ప్రభుత్వం ఊరికే ఎందుకిస్తుంది, ఇందులో ఏదో మెలిక ఉంది అని అనుమానం. వీసా మీద ఉన్న మనవాళ్ళకి మాత్రం ఇది వర్తించదు, నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్ అని వీసాలో ఉంటే యూనివర్సల్ క్రెడిట్ వైపు చూడనే చూడకండి, ఐఎల్‌ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చాకే.

ఆ అనుమానం ఉంది చూశారా, అదే మూడో రకం, దానికీ చరిత్ర ఉంది. 2006 అక్టోబర్‌లో ఫేర్‌పాక్ అని క్రిస్మస్ కోసం నెలనెలా కట్టించుకునే కంపెనీ మునిగిపోయింది, లక్షకి పైగా కుటుంబాలు, ఎక్కువ మంది తక్కువ జీతాల వాళ్ళే, క్రిస్మస్‌కి రెండు నెలల ముందు ఏడాదంతా కట్టింది పోయింది. అది బ్యాంకు కాదు కాబట్టి గ్యారంటీ లేదు. తర్వాత ఏడాది, 2007 సెప్టెంబర్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం క్యూలు కట్టారు. అది చూసిన పిల్లలు ఇప్పుడు ముప్ఫైల్లో ఉన్నారు. పైగా 2009 మార్చిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ రేటు 0.5కి దిగి, 2020లో 0.1 దాకా పోయింది, అంటే పన్నెండేళ్ళకి పైగా ఒక తరం మొత్తం దాచుకుంటే ఏం రాదు అనే చూస్తూ పెరిగింది. అది చాలదన్నట్టు 2022 అక్టోబర్‌లో ధరల పెరుగుదల 11.1 శాతం. మా డ్రైవర్ ఒకాయన, అరవై దాటాడు, ఆయన లెక్క ఇంకోటి, "నేను దాచుకుంటే చివర్లో కేర్ హోమ్‌కే పోతుంది, దాచుకోని నా పక్కింటోడికి కౌన్సిల్ కడుతుంది" అంటాడు. ఇంగ్లాండ్‌లో 23,250 పౌండ్లకి పైన ఆస్తి ఉంటే కేర్ ఖర్చు మీదే మీరు పెట్టుకోవాలి, ఆ హద్దు ఏళ్ళ తరబడి కదల్లేదు. నేను ఆయన్తో వాదించి ఓడిపోయాను, నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు, అందరూ కేర్ హోమ్‌కి వెళ్ళరు కదా అని మాత్రం అన్నాను, ఆయన నవ్వి స్పెయిన్ దీవి టెనెరిఫేకి టికెట్లు చూపించాడు.

నమ్మకం లేనివాళ్ళకి చెప్పేది, ఎక్కడ పెడుతున్నారో అది ఎఫ్ఎస్‌సీఎస్ (బ్యాంకు మునిగితే డిపాజిట్ తిరిగిచ్చే గ్యారంటీ స్కీమ్) కింద ఉందా లేదా చూడండి. 2025 డిసెంబర్ 1 నుంచి ఒక మనిషికి ఒక బ్యాంకులో 1,20,000 పౌండ్ల దాకా గ్యారంటీ, అంతకుముందు 85,000. రెండు బ్రాండ్లు ఒకే లైసెన్స్ మీద ఉంటే రెండూ కలిపి ఒకే లెక్క, అది చూసుకోండి. క్రెడిట్ యూనియన్‌లకీ ఈ గ్యారంటీ ఉంది. మనం వాట్సాప్‌లో నడిపే చీటీలకి లేదు. చీటీలు చెడ్డవని కాదు, 1950ల్లో కరీబియన్ నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడి బ్యాంకులు లోన్ ఇవ్వకపోతే పార్ట్‌నర్ అని అచ్చం మన చీటీ లాంటిదే వేసుకుని ఇళ్ళకి డిపాజిట్ కట్టారు, ఇప్పటికీ వేస్తారు. కాకపోతే పాడుకున్నోడు వీసా అయిపోయి ఫ్లైట్ ఎక్కేస్తే మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు, అది ఆలోచించుకుని వెయ్యండి.

వడ్డీ మీద ట్యాక్స్ భయం కూడా మామూలు జీతాలకి అక్కర్లేదు, 20 శాతం ట్యాక్స్ బ్యాండ్‌లో ఉంటే ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా ట్యాక్స్ లేదు, 40 శాతం వాళ్ళకి 500. అది దాటేంత ఉంటే అప్పుడు ఐసా (వడ్డీ మీద ట్యాక్స్ లేని ఖాతా). ప్రీమియం బాండ్లు అని మన గ్రూపుల్లో తెగ చెప్తుంటారు, 1957 నుంచి డ్రాలు తీస్తున్నారు, వడ్డీ ఉండదు, లాటరీలా ప్రైజులు, అసలు మాత్రం ఎక్కడికీ పోదు. 25 పౌండ్లతో మొదలు, గరిష్ఠం 50,000. రెండు మూడు వందలు పెట్టి ప్రతి నెలా ప్రైజ్ చెక్ చేసుకోవడం నా దృష్టిలో టైంపాసే, అయినా ఖర్చుపెట్టడం కంటే నయం.

నాలుగో రకం, కావాలని దాచనివాళ్ళు. వీళ్ళ మీద నాకేం కోపం లేదు. పాతికేళ్ళ కుర్రాడు, సగటు ఇల్లు 2,70,000 పౌండ్ల దగ్గర ఉంది, పది శాతం డిపాజిట్ అంటేనే 27,000, నెలకి 100 దాస్తే ఇరవై రెండేళ్ళు పైనే. అంతకంటే దోస్తులతో తిరిగొస్తా అంటాడు, తప్పేముంది. అలాంటివాళ్ళకి నేను చెప్పేది ఒకటే, లైఫ్‌టైమ్ ఐసా ఒక్క పౌండ్ వేసి ఓపెన్ చేసి పెట్టుకో అని. 18 నుంచి 39 ఏళ్ళ లోపు ఓపెన్ చెయ్యాలి, ఏడాదికి 4,000 దాకా వేస్తే ప్రభుత్వం 1,000 వేస్తుంది, ఇల్లు కొనాలంటే ఖాతా ఏడాది పాతదై ఉండాలి కాబట్టి ఆ గడియారం ఇప్పుడే మొదలైపోతుంది. ఇల్లు 4,50,000 దాటకూడదు, మొదటి ఇల్లే అవ్వాలి. ఇండియాలో ఇప్పటికే మీ పేరు మీద ఫ్లాట్ ఉంటే మొదటి ఇల్లు కింద రాదు, మనవాళ్ళు చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. మధ్యలో తీస్తే 25 శాతం కోత, 4,000 వేసి 5,000 అయింది తీస్తే చేతికి 3,750, అంటే మీ సొంత డబ్బులోనే 250 పోతుంది. తిరిగి వెళ్ళిపోతామేమో అనుకునేవాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఇప్పుడు మన సంగతి. మనం దాస్తాం, నిజమే, కానీ ఎక్కడ దాస్తాం? 2019లో మా నాన్నకి బాలేదని ఫోన్ వచ్చింది. అప్పటికి నా పేరు మీద శంషాబాద్ అవతల ప్లాట్ ఉంది, ఊళ్ళో ఎఫ్‌డీ ఉంది, ఇక్కడ అకౌంట్‌లో 140 పౌండ్లు ఉన్నాయి. టికెట్ క్రెడిట్ కార్డు మీద కొన్నాను, అది తీరడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ నేను నవ్విన ఆ పబ్బు బ్యాచ్‌కీ నాకూ పేరోల్ లెక్కలో తేడా ఏం లేదు. వీసా రెన్యువల్ కూడా అంతే, ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జే పెద్దవాళ్ళకి మనిషికి ఏడాదికి 1,035, ముందే మొత్తం కట్టాలి, భార్యాభర్తలకి మూడేళ్ళకి 6,210, వీసా ఫీజు వేరే. తేదీ మూడేళ్ళ ముందే తెలుసు, అయినా ఆ నెలలో ఫ్రెండ్స్‌ని అడుగుతూ తిరుగుతాం. 6,210ని 36తో భాగించండి, నెలకి 172.50, అది వీసా అని పేరు పెట్టి పక్కన పెట్టండి.

ఇంకో తప్పు పెన్షన్ ఆపేయడం. ఎలాగూ వెళ్ళిపోతాం కదన్నా, ఆప్ట్ అవుట్ ఫారం ఇవ్వు అని నా దగ్గరికే వస్తారు. జీతం 26,240 అనుకోండి, మొదటి 6,240 పెన్షన్ లెక్కలోకి రాదు, అది తీసేస్తే 20,000 మీద లెక్క. మొత్తం ఎనిమిది శాతం, అంటే 1,600, అందులో మీ జేబులోంచి పోయేది 800, ట్యాక్స్ రిలీఫ్ 200, కంపెనీ 600. ఎనిమిది వందలు పెడితే పదహారు వందలు, దీన్ని వద్దనుకుంటున్నారు. ఇండియా వెళ్ళిపోయినా ఆ డబ్బు మీ పేరు మీదే ఉంటుంది, కాకపోతే 55 ఏళ్ళ దాకా తియ్యలేరు, 2028 ఏప్రిల్ నుంచి 57. ఇప్పుడు నిజంగా ఇల్లు గడవని పరిస్థితి అయితే ఆపుకోండి, అది వేరే. చేరిన నెల లోపు ఆప్ట్ అవుట్ చేస్తే కట్టింది తిరిగొస్తుంది, తర్వాత అయితే అందులోనే ఉంటుంది.

ఇక దాచే పద్ధతి, ఇది చిన్నదే. మా అమ్మ పోపుల డబ్బాలో నోట్లు మడతపెట్టి దాచేది, నాన్నకి తెలిసినా తియ్యడు, ఎందుకంటే జీలకర్ర కింద వెతకాలి. ఇక్కడా అదే సూత్రం. జీతం పడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో సేవింగ్స్ ఓపెన్ చేసి, కార్డు తీసుకోకుండా, జీతం పడ్డ మర్నాటికి స్టాండింగ్ ఆర్డర్ (నెలనెలా డబ్బు దానంతటదే వెళ్ళే ఏర్పాటు) పెట్టండి, నెలాఖరుకి మిగిలింది వేద్దాం అంటే ఎప్పటికీ మిగలదు. మొదట 20 పెట్టండి, మధ్యలో వెనక్కి తీసుకోవాల్సి వస్తే ఆ నంబర్ మీకు ఎక్కువ అన్నట్టు, 10 చెయ్యండి. ముందు ఒక ఇండియా టికెట్ ఖర్చు జమ అయ్యేదాకా ఇంకే ఐసాలూ షేర్లూ వద్దు.

ఫోర్ వీక్లీ జీతం వాళ్ళకి ఏడాదికి 13 పేస్లిప్పులు వస్తాయి, ఒక నెలలో రెండు జీతాలు పడతాయి, అదే దాచడానికి బెస్ట్ ఛాన్స్, ఎందుకంటే రెంటూ బిల్లులూ నెలకి ఒకసారే. కానీ యూనివర్సల్ క్రెడిట్ ఉన్నవాళ్ళు జాగ్రత్త, ఒకే అసెస్‌మెంట్ పీరియడ్‌లో (వాళ్ళు సంపాదన లెక్కేసే నెలలో) రెండు జీతాలు కనిపిస్తే ఆ నెల డబ్బు బాగా తగ్గుతుంది, ఒక్కోసారి సున్నా వస్తుంది, కాబట్టి ఆ రెండో జీతం ముట్టుకోకుండా ఉంచితే వచ్చే నెల గడుస్తుంది. మా దగ్గర అడ్వాన్స్ మెయిళ్ళు ఎక్కువ వచ్చేది ఆ తర్వాతే.

అలాగే కౌన్సిల్ ట్యాక్స్, మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాలే, ఫిబ్రవరి మార్చి ఖాళీ. ఆ రెండు నెలలు అదే డబ్బుని అదే తారీఖున సేవింగ్స్‌కి పంపించండి, ఎలాగూ అది లేకుండా బతకడం మీకు అలవాటే. నేను వచ్చిన మొదటి ఏడాది ఫిబ్రవరిలో కట్ అవ్వకపోతే కౌన్సిల్ వాళ్ళు మర్చిపోయారనుకుని, ఎవరికీ చెప్పకుండా ఈస్ట్ హామ్ వెళ్ళి నలుగురికి బిర్యానీ పెట్టించాను, ఏప్రిల్‌లో మళ్ళీ బిల్లు వచ్చినప్పుడు గానీ అర్థం కాలేదు.